పాత బండికి కొత్త పందెం

పిల్లలూ! బండలాగుడు పోటీ మీలో చాలామంది చూసే వుంటారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం పక్కల తిరణాల వచ్చిందంటే ఒంగోలు గిత్తలు బరిలోకి దిగవలసిందే. ఇచ్చిన సమయంలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతదే గెలుపు. జనం ఈలలు వేస్తారు, కేకలు పెడతారు. ఆ గోలలో గిత్తలను చూసేవాళ్ళే గాని, వాటి వెనక నిలబడ్డ రైతును చూసేవాళ్ళు తక్కువ.

మంచి రైతు పోటీకి ముందు ఏం చేస్తాడో తెలుసా? గిట్టలు ఎత్తి అడుగున చూస్తాడు. కాడి ఒరుసుకునే చోట మెడ మీద చేత్తో తడుముతాడు. మేత సరిగా తిన్నదా, నెమరు వేసిందా అని కనిపెడతాడు. లోపం కనిపిస్తే ఆ రోజుకు గిత్తను బరిలోకి దించడు. గెలుపు బరిలో కనిపిస్తుంది గాని, అది పుట్టేది కొట్టంలోనే.

ఇప్పుడు గిత్తకు బదులు ఒక మోటారు సైకిలును పెట్టి చూడండి. అది కూడా కొత్తది కాదు, మీ తాతగారి కాలం నాటిది. ఆ ముసలి బండి గుంటల మీద, గట్ల మీద పందెం పరుగెత్తాలి! అటువంటి పందేలు లోకంలో నిజంగా జరుగుతున్నాయి. వాటికి ఒక పాత బండిని ఎట్లా సిద్ధం చేస్తారో ఈసారి తెలుసుకుందాం.

రోడ్డు లేని పందెం

మోటారు సైకిలు పందేలు కొన్ని నున్నని రోడ్డు మీద జరుగుతాయి. కొన్ని రోడ్డే లేని చోట జరుగుతాయి. మట్టి, ఇసక, బురద, ఎత్తుపల్లాలు వున్న మైదానంలో ఒక బాట గీస్తారు. బళ్ళన్నీ ఒకే వరసలో నిలబడి, ఒకేసారి బయలుదేరి, ఆ బాట వెంట చుట్లు తిరుగుతాయి. గట్టు ఎక్కిన బండి గాలిలోకి లేచి అవతల పడుతుంది. దీనిని మోటోక్రాస్ అంటారు.

ఈ ఆట ఇంగ్లండులో పుట్టింది. 1924లో సర్రే ప్రాంతంలోని కాంబర్లీ దగ్గర జరిగిన పందెం దీనికి మొదటిదని చెబుతారు. అప్పట్లో దీని పేరు 'స్క్రాంబుల్'. అంటే పడుతూ లేస్తూ, ఎగబాకుతూ పోవడం. మోటోక్రాస్ అనే పేరు తరువాత ఐరోపా ఖండం నుంచి వచ్చింది. 1947లో నెదర్లాండ్సులో దేశాల జట్ల మధ్య పోటీ మొదలయింది. 1957లో 500 సీసీ బళ్ళకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏర్పడింది.

ఆ రోజులలో ఫోర్-స్ట్రోక్ ఇంజను బళ్ళదే పైచెయ్యి. 1964లోనూ, 1965లోనూ ఇంగ్లండుకు చెందిన జెఫ్ స్మిత్ బి.ఎస్.ఎ. బండి మీద 500 సీసీ ఛాంపియన్ అయ్యాడు. మరుసటి యేడు, 1966లో, ఒక వింత జరిగింది. చెకోస్లొవేకియాలో తయారయిన సీజెడ్ అనే తేలిక బండి మీద తూర్పు జర్మనీ వాడు పాల్ ఫ్రీడ్రిక్స్ గెలిచాడు. అది టూ-స్ట్రోక్ ఇంజను బండి. 1967లోనూ, 1968లోనూ మళ్ళీ అతనే గెలిచాడు. బరువుకంటే చురుకు మేలని లోకానికి తెలిసివచ్చింది.

1973లో మరొక మార్పు వచ్చింది. అంతవరకు బండి వెనక రెండు పక్కలా రెండు షాకబ్జర్లు వుండేవి. యమహావారు వాటికి బదులు ఒకే ఒక పొడుగాటి షాకబ్జర్ పెట్టిన బండి మీద స్వీడన్ వాడు హాకన్ ఆండర్సన్ ఆ యేడు 250 సీసీ ఛాంపియన్ అయ్యాడు. అప్పటినుంచి చక్రాలు కిందికీ మీదికీ ఆడే దూరం పెరుగుతూ వచ్చింది. ఈనాటి మోటోక్రాస్ బండి చక్రం ఒక అడుగు మేర, అనగా సుమారు 30 సెంటీమీటర్లు, ఆడుతుంది. పాత బండి చక్రం అందులో సగం ఆడితే గొప్ప!

మరి ఆ పాత బళ్ళు ఏం కావాలి? పాత ఇనుము కొట్టుకు పోవలసిందేనా? అక్కరలేదు. వాటి ఈడు బళ్ళతోనే వాటికి పందెం పెడితే సరి. ఈ విధంగా వచ్చినవే క్లాసిక్ మోటోక్రాస్ పందేలు. ఇంగ్లండులో 1965కు ముందటి బళ్ళకు వేరే తరగతి వున్నది. అమెరికాలో పాత బళ్ళ పోటీలు నడిపే సంఘంవారు, పాత తరగతి బళ్ళ వెనక చక్రం 4 అంగుళాలు, ముందు చక్రం 7 అంగుళాలు మించి ఆడకూడదని నియమం పెట్టారు. పాత బండిలో దొంగచాటుగా కొత్త బండిని దాచకూడదని దీని అర్థం.

మన దేశపు పాత బళ్ళు

మన దేశంలో మోటోక్రాస్ కోసమే ప్రత్యేకంగా చేసిన బళ్ళు ఆ రోజులలో దొరికేవి కావు. 1955 నుంచి మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారయింది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ జావా బళ్ళు చేసింది. తరువాత వాటికే యెజ్డీ అని పేరు మారింది. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. పోలండు దేశపు నమూనాతో రాజ్‌దూత్ వచ్చింది. ఇవన్నీ రోడ్డు మీద తిరిగేవే. పందెం ఆడదలచినవాళ్ళు ఈ రోడ్డు బళ్ళనే విప్పి, సరిచేసి, దిగేవారు. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం మీద యేటేటా జరిగిన పందేలలో ఇటువంటి బళ్ళు ఎన్నో పరుగెత్తాయి. అవి చదునైన నేల మీది పందేలే అనుకోండి. ఐనా బండిని విప్పి సిద్ధం చేసే విద్య ఒకటే.

జావాలో ఒక తమాషా వున్నది. స్టార్టు చెయ్యడానికి కాలితో తన్నే కిక్కూ, గేరు మార్చే లీవరూ రెండూ ఒకటే! బండి స్టార్టయిన తరువాత ఆ కిక్కును ముందుకు తిప్పితే అదే గేరు లీవరు అయిపోతుంది. ఒకే సిలిండరు వున్నా పొగగొట్టాలు రెండు వుంటాయి. ఇందాక చెప్పుకున్న సీజెడ్ బండీ, ఈ జావా బండీ ఒకే దేశం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. కాబట్టి మనం జావానే తీసుకుందాం.

గిద్దలూరులో మీ ఇంటి వెనక రేకుల షెడ్డులో మీ తాతగారి జావా బండి ఒకటి వున్నదనుకోండి. వయసులో అది దిగువమెట్ట మీదుగా నల్లమల ఘాటు ఎక్కి నంద్యాలకు పోయి వచ్చేది. ఇప్పుడు దాని మీద కోళ్ళు నిద్రపోతున్నాయి. మీ చిన్నాన్న దానిని పాత బళ్ళ పందెంలో దింపుతానన్నాడు. బజారులో నలభై యేళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న ముసలి మేస్త్రి దగ్గరికి బండిని తోసుకుపోయారు. మీరూ వెంట వెళ్ళారు.

"ఇంజను బలం ఎట్లా పెంచుదాం, మేస్త్రీ?" అని మీ చిన్నాన్న అడిగాడు.

మేస్త్రి నవ్వి, "ముందు ఇది ఎక్కడ విరుగుతుందో చూద్దాం, అబ్బాయ్! అది తెలియకుండా బలం పెంచితే, విరిగేది ఇంకా తొందరగా విరుగుతుంది," అన్నాడు.

ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదే.

సుద్దముక్క చెప్పిన రహస్యం

మొదటి పని విప్పడం. ముందు దీపం, వెనక దీపం, అద్దాలు, హారను, స్టాండు, సామాన్ల క్యారేజీ అన్నీ వూడదీస్తారు. పడినప్పుడు పగిలి గుచ్చుకునేది ఏదీ పందెం బండి మీద వుండరాదు. బరువు కూడా తగ్గుతుంది. జావా బరువు 130 కిలోలకు పైమాటే. ఇంజను బలం సుమారు 12 హార్స్‌పవర్. బలం పెంచడం కష్టం గాని, బరువు తగ్గించడానికి ఒక పానా చాలు.

కాని బరువు తగ్గించే ఆత్రంలో కొందరు ఫ్రేముకు రంధ్రాలు పొడుస్తారు. అది చాలా తప్పు. ఫ్రేము బండికి వెన్నెముక వంటిది. బండి గట్టు మీదినుంచి దూకి నేలకు తగిలినప్పుడు ఆ దెబ్బ అంతా ఫ్రేమే భరించాలి. హ్యాండిలు తిరిగే చోట, షాకబ్జర్లు తగిలించే చోట ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ఒక ఇనప తీగను ఇటూ అటూ వంచుతూ వుంటే కొంతసేపటికి తుంపు అయిపోతుంది కదా? ఫ్రేములో కూడా యేళ్ళ తరబడి అదే జరుగుతుంది. ముందు వెంట్రుకంత పగులు వస్తుంది. అది కంటికి ఆనదు. ఆ తరువాత ఒకనాడు హఠాత్తుగా విరుగుతుంది.

ఆ పగులును పట్టుకునే ఉపాయం ఎంత సులువో చూడండి. ఫ్రేము మీది రంగు, తుప్పు గీకి శుభ్రం చేస్తారు. అనుమానం వున్న చోట కిరసనాయిలు పూసి కొంతసేపు వుంచుతారు. కిరసనాయిలు పలచన కాబట్టి ఎంత సన్నని పగులులోకైనా దూరుతుంది. ఆ తరువాత పైన గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద పొడి చల్లుతారు. పగులు వుంటే లోపల దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి వూరి, తెల్లని సుద్ద మీద నల్లని గీత గీస్తుంది! బడిలో నల్లబల్ల మీద తెల్లగీత గీసే సుద్ద, ఇక్కడ తెల్లదనం మీద నల్లగీత చూపిస్తుందన్నమాట.

మీ తాతగారి బండికి మేస్త్రి ఈ పరీక్ష చేశాడు. హ్యాండిలు కింద, రెండు గొట్టాలు కలిసే చోట, బియ్యపు గింజంత పొడుగు గీత మెల్లగా తేలింది.

మీ చిన్నాన్న ముఖం వాడిపోయింది. "ఇంతే కదా! రంగు వేస్తే కనిపించదు. పందెం రెండు వారాలలో వుంది," అన్నాడు.

"రంగు వేస్తే మనకు కనిపించదు. గట్టుకు కనిపిస్తుంది," అన్నాడు మేస్త్రి.

బండి పూర్తి వేగంతో పోతున్నప్పుడు ఆ చోట ఫ్రేము విరిగితే ముందు చక్రం బండినుంచి విడిపోతుంది. అప్పుడు నడిపేవాడి గతి ఏమిటో మీరే ఆలోచించండి. అందుచేత ఆ పగులును మొదలంటా గీకి, పని బాగా తెలిసినవాడి చేత వెల్డింగు చేయించి, దాని మీద ఇనప రేకు అతుకు వేయించారు. తరువాత మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ సుద్ద. ఈసారి గీత రాలేదు. ఈ పనితో ఆ పందెం తేదీ దాటిపోయింది. ఐతేనేం, ఇంకొక పందెం వస్తుంది. మీ చిన్నాన్నకు ఇంకొక మెడ రాదు కదా!

చక్రాలు పాడే పాట

పాత జావా చక్రాలు 16 అంగుళాలవి, చిన్నవి. మోటోక్రాస్ బండికి ముందు చక్రం సాధారణంగా 21 అంగుళాలు వుంటుంది. పెద్ద చక్రం ఎందుకు? ఎద్దుబండి చక్రాన్ని, మీ తమ్ముడి బొమ్మబండి చక్రాన్ని పక్కపక్కన ఊహించుకోండి. జానెడు గుంట వస్తే బొమ్మబండి చక్రం అందులో పడి ఆగిపోతుంది. ఎద్దుబండి చక్రం ఆ గుంట మీదుగా దొర్లిపోతుంది. అందుచేత పాత హబ్బు వుంచుకుని, కొత్త పెద్ద రిమ్ము తెచ్చి, కొత్త స్పోకులు అల్లుతారు.

స్పోకులు అన్నీ ఒకే బిగువులో వుండాలి. ఇది తెలుసుకోవడానికి మేస్త్రి చిన్న పానాతో ఒక్కొక్క స్పోకునూ 'టింగ్' మని కొడతాడు. బిగువుగా వున్నది గణగణమంటుంది. వదులుగా వున్నది బద్దగా పలుకుతుంది. మీ అమ్మ కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడదూ? పగుళ్ళు లేని మార్కాపురం పలకకూ, పగిలిన పలకకూ మోతలో తేడా తెలియదూ? ఇదీ అంతే. ఒక్క స్పోకు వదులయితే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. అవి తెగితే వాటి భారం ఇంకా పక్కవాటి మీద పడుతుంది.

టైర్లు గుబ్బలవి కావాలి. ట్రాక్టరు టైరు చూశారుగా, ఆ రకం. గుబ్బలు మట్టిలో దిగి పట్టు ఇస్తాయి. గాలి కూడా రోడ్డు మీదికంటే తక్కువ కొడతారు. గాలి తగ్గితే టైరు కాస్త పరుచుకుని నేలను ఎక్కువగా పట్టుకుంటుంది. కాని దీనిలో ఒక చిక్కు వున్నది. గాలి తక్కువైన టైరు రిమ్ము మీద జారుతుంది. జారితే లోపలి ట్యూబు కూడా తిరిగి, దాని వాల్వు తెగిపోతుంది. అందుకని టైరును రిమ్ముకు అదిమిపట్టే బిళ్ళ ఒకటి లోపల పెట్టి బోల్టుతో బిగిస్తారు. మడ్డుగార్డును టైరుకు బాగా ఎత్తుగా పెడతారు. లేకపోతే బురద మధ్యలో ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది.

స్ప్రింగూ నూనే

బండి ముందు ఫోర్కు గొట్టాలలో స్ప్రింగులు వుంటాయి, నూనె కూడా వుంటుంది. స్ప్రింగు చాలదా, నూనె ఎందుకు?

మీరే పరీక్ష చేసి చూడండి. సూది లేని కొత్త ప్లాస్టిక్ సిరంజి ఒకటి పెద్దవాళ్ళను అడిగి తీసుకోండి. ఖాళీగా వుండగా దాని పిడిని నొక్కండి. సులువుగా పోతుంది. ఇప్పుడు దాని నిండా నీళ్ళు పట్టి గట్టిగా నొక్కండి. నీళ్ళు చిన్న రంధ్రంలోంచే పోవాలి కాబట్టి పిడి మెల్లగా దిగుతుంది. వంటనూనె పట్టి నొక్కితే ఇంకా మెల్లగా దిగుతుంది. ఫోర్కులో నూనె చేసే పని ఇదే. స్ప్రింగు దెబ్బను మింగుతుంది. కాని స్ప్రింగుకు మింగినదాన్ని తిరిగి కక్కే గుణం వున్నది. నూనె లేకపోతే ఒక్క గుంటకు బండి పదిసార్లు ఎగురుతుంది. నూనె చిన్న రంధ్రాలలోంచి పోతూ ఆ ఎగురుడును అణచివేస్తుంది.

పాత బండిలో ఆ నూనె యేళ్ళ తరబడి మారకుండా నల్లని గుజ్జు అయి వుంటుంది. సీళ్ళు ఎండి చిట్లి వుంటాయి. వాటిని మార్చి, రెండు గొట్టాలలోనూ కొలిచి, సమానంగా కొత్త నూనె పొయ్యాలి. ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ పోస్తే కుంటివాడి నడకే.

ఇంజను ఊపిరి

ఇక ఇంజను దగ్గరికి వద్దాం. బుల్లెట్ వంటి ఫోర్-స్ట్రోక్ ఇంజనులో పిస్టను నాలుగుసార్లు ఆడితే ఒకసారి పెట్రోలు పేలుతుంది. జావా వంటి టూ-స్ట్రోక్‌లో రెండుసార్లు ఆడితే చాలు, ఒకసారి పేలుతుంది. దీనికి పైన వాల్వులు లేవు. సిలిండరు గోడలో వున్న కిటికీలను పిస్టనే మూస్తూ తెరుస్తూ వుంటుంది. భాగాలు తక్కువ కాబట్టి ఇంజను తేలిక. సీజెడ్ గెలుపు రహస్యం ఇదే.

కాని దీని ఇంజనుకు కావలసిన నూనెను పెట్రోలులోనే కలపాలి. 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె అనుకోండి. ఒక లీటరు పెట్రోలుకు ఎంత నూనె? 1000ని 25తో భాగించండి: 40 మిల్లీలీటర్లు. ఈ చిన్న లెక్క మరచిపోతే పిస్టను వేడెక్కి సిలిండరుకు అతుక్కుపోతుంది. మేస్త్రీలు దీన్నే 'సీజు అయింది' అంటారు. నడుస్తున్న బండిలో ఇంజను సీజయితే వెనక చక్రం టక్కున ఆగిపోతుంది, నడిపేవాడు ఎగిరి అవతల పడతాడు.

ఇంజనుకు రెండవ శత్రువు దుమ్ము. మన ప్రాంతపు ఎండలలో మట్టిరోడ్డు మీద లారీ పోతే దాని వెనక ఏమీ కనిపించదు. పందెంలో ముప్ఫై బళ్ళు లేపిన దుమ్ములో మన బండి వూపిరి పీల్చాలి. ఆ దుమ్ము లోపలికి పోతే పిస్టనుకూ సిలిండరుకూ మధ్య ఆకురాయిలా రాపాడుతుంది. కొత్త పిస్టను ఒక్క రోజులో అరిగిపోతుంది. అందుకని గాలి పీల్చే చోట స్పాంజి ఫిల్టరు పెట్టి, దానికి నూనె పట్టిస్తారు. గాలి దూరిపోతుంది, దుమ్ము నూనెకు అంటుకుపోతుంది. పందెం పందేనికీ దానిని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టించాలి.

పొగగొట్టం సంగతి ఇంకా వింత. నల్లమల కొండ ముందు నిలబడి కేక వేస్తే ఆ కేక తిరిగి వస్తుంది కదా? టూ-స్ట్రోక్ ఇంజను పేలినప్పుడు పొగతోబాటు ఒక ఒత్తిడి అల కూడా గొట్టంలోకి పోతుంది. గొట్టం మధ్యలో లావై, చివర సన్నబడితే ఆ అల తగిలి వెనక్కు తిరుగుతుంది. అది సరైన క్షణంలో తిరిగి వస్తే, బయటికి తప్పించుకుపోతున్న కొత్త పెట్రోలు గాలిని మళ్ళీ సిలిండరులోకి నెట్టేస్తుంది. అంటే ప్రతిధ్వని చేత పని చేయించుకోవడమన్నమాట! 1950లలో తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ విద్యను బాగా సాధించాడు. గొట్టం పొడుగు కాస్త తేడా వచ్చినా ఆ అల వేళకు రాదు. అందుకనే తోచినట్టు గొట్టం కోస్తే చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది.

పళ్ళ లెక్క

బలం పెంచకుండానే బండి గట్టు సులువుగా ఎక్కే ఉపాయం ఒకటి వున్నది. ఇంజను దగ్గర చిన్న పళ్ళచక్రం, వెనక చక్రం దగ్గర పెద్ద పళ్ళచక్రం, రెండిటికీ మధ్య చైను. చిన్నదానికి 16 పళ్ళు, పెద్దదానికి 48 పళ్ళు వుంటే, చిన్నది 3 సార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుంది. పెద్దదానికి 52 పళ్ళు పెడితే? 52ను 16తో భాగించండి: మూడుంపావు. అంటే ఇంజను మరికొన్ని చుట్లు తిరిగి, వెనక చక్రాన్ని ఇంకా గట్టిగా తిప్పుతుంది. ఐతే ఊరికే ఏదీ రాదు. అదే గేరులో ఇంతకుముందు గంటకు 60 కిలోమీటర్లు పోయిన బండి ఇప్పుడు 55 మాత్రమే పోతుంది. గుంటల బాట మీద వేగంకంటే తోపు అవసరం కాబట్టి ఈ బేరం లాభమే.

బయలుదేరే ముందు

బండి పోవడం ఎంత ముఖ్యమో ఆగడం అంత ముఖ్యం. పాత బండికి డ్రమ్ము బ్రేకులు. వాటి లైనింగులు, కేబుళ్ళు కొత్తవి వేస్తారు. పాదం పెట్టే మెట్లు నేలకు తగిలితే మడుచుకునేటట్టు చేస్తారు. బ్రేకు లీవర్ల కొసలు గుచ్చుకోకుండా గుండ్రంగా వుండాలి. నడిపేవాడి చేతికి ఒక తాడు కడతారు. అతను పడితే ఆ తాడు లాగుకుని ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. పడిన మనిషి మీదికి తిరుగుతున్న చక్రం రాకూడదు కదా!

బిగించిన నట్లు అదురుకు వదులవుతాయి. దానికి మేస్త్రి ఒక ఉపాయం చేశాడు. నట్టు మీదినుంచి ఫ్రేము మీదికి ఎర్రరంగుతో సన్నగీత గీశాడు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. ముఖ్యమైన బోల్టులకు తలలో రంధ్రం పెట్టి సన్నతీగతో కట్టాడు.

ఊరి బయట సొంత బీడులో మీ చిన్నాన్న హెల్మెట్టు, మందపాటి బూట్లు, మోకాలి కవచాలు, చేతితొడుగులు వేసుకుని పది నిమిషాలు మెల్లగా తిప్పి వచ్చాడు. మేస్త్రి ఇంజను చప్పుడు వినలేదు, వేగం అడగలేదు. వంగి ఎర్రగీతలన్నీ చూశాడు. రెండు విడిపోయి వున్నాయి. మళ్ళీ బిగించాడు. మళ్ళీ తిప్పించాడు. నాలుగవసారి అన్ని గీతలూ కలిసే వున్నాయి. అప్పుడు మాత్రం, "ఇక పోనీ," అన్నాడు.

అడవిలోకి మాత్రం ఎవరూ బండిని దూకించలేదు. నల్లమల పులులకూ దుప్పులకూ ఇల్లు. పందేనికి వేరే బాట, చుట్టూ కంచె, పక్కన వైద్యుడు వుండాలి. రోడ్డు మీద పందెం నేరం.

మరి మీ తాతగారి జావా గెలిచిందా? ఈడు బళ్ళు పాతిక ముప్ఫై వరసలో నిలబడితే గెలిచేది ఒక్కటే. కాని పందెం అయిన తరువాత మేస్త్రి అడిగే మొదటి ప్రశ్న అది కాదు. "మనిషి బాగున్నాడా? బండి తనంతట తానే ఇంటికి వచ్చిందా?" అని. రెండిటికీ అవునంటే ఆయన పని నెగ్గినట్టే. మరునాడు మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ సుద్ద!

పిల్లలూ! మోటారు సైకిలు నడపడానికి మీకు ఇంకా ఈడు రాలేదు. కాని మీలో చాలామంది సైకిలు మీద బడికి పోతారు. ఈ ఆదివారం దానిని నీడలో నిలబెట్టి, ఒక్కొక్క స్పోకునూ కొట్టి వినండి. బ్రేకు కేబులులో తెగిన పోగులు వున్నాయేమో చూడండి. ముఖ్యమైన నట్ల మీద రంగుగీతలు గీసి, వారం తరువాత మళ్ళీ చూడండి. పెద్దవాళ్ళు పక్కన వుంటే, పొయ్యికి దూరంగా, సుద్ద పరీక్ష కూడా చేయించండి. గీత ఏదైనా తేలితే దాని మీద రంగు వెయ్యకండి. బజారులో మేస్త్రికి చూపించండి.